గాలికి వీపు పెట్టి చూసిన దేశం

కాక చనిపోయాడన్న కబురు నాకు దోహాలోని అల్ ముంతజా పేటలో అందింది. సూపర్‌మార్కెట్ ముందు బండిలో కూర్చుని ఉన్నాను. ఇంట్లో పనిచేసే శ్రీలంక అక్క ఫోన్ చేసింది. ఆమె ఏడవలేదు. వంటమనిషి లేవడం లేదని హిందీలో రెండుసార్లు చెప్పి ఊరుకుంది. వంటగదిలో సిలిండర్ పక్కన కాక బోర్లా పడి ఉంటే, రెగ్యులేటర్ సరిచేస్తున్నాడనుకుని ఆమె చాలాసేపు పలకరించలేదట. చివరికి పప్పు మాడిన వాసన వచ్చింది. కాక పొయ్యి మీద ఏదీ మాడి ఎరగదు. ఆ వాసనకే ఆమె దగ్గరికెళ్ళి తట్టి చూసిందట.

ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన కాగితంలో సహజ మరణం అని ఉంది. నేను పదో తరగతి దాటలేదు. ఇంగ్లీషూ అరబ్బీ రెండూ బండిలో కూర్చుని, యజమానుల కోసం ఎదురుచూసే గంటల్లో ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. ఆ మాటని రెండు భాషల్లోనూ చదివాను. రెండింట్లోనూ అబద్ధంలాగే ఉంది. ఇక్కడ మావాళ్ళు డ్యూటీ దిగి క్యాంప్‌లో పడుకుని తెల్లారి లేవకపోయినా సహజమే. బస్సులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయినా సహజమే. చెట్టు మీది ఆకు రాలినట్టు రాస్తారు. ఆ మాట మీద కోపంతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ రాస్తూ ఉంటే కోపం పక్కకు జరిగి, కాక వచ్చి మధ్యలో కూర్చుంటున్నాడు. కూర్చోనివ్వండి.

కాక నాకు రక్తసంబంధం కాదు. జగిత్యాల వైపు మా ఊరికి ఆవలి ఊరు ఆయనది. దోహాలో నేను డ్రైవర్‌గా చేరిన ఇంట్లో ఆయన అప్పటికే చాలా ఏళ్ళుగా వంట చేస్తున్నాడు. మొదటిరోజు నా ముఖం చూసి ఏ ఊరని అడగలేదు. తిన్నావా అని అడిగాడు. పళ్ళెంలో అన్నం, పచ్చిపులుసు పెట్టి, నేను తింటుంటే గోడకు ఆనుకుని చూశాడు. నాకు పచ్చిపులుసు ఇష్టమని ఎలా తెలుసని అడిగితే, ఆకలైనవాడికి అమ్మ చేసిందే ఇష్టం, అందులో తెలుసుకునేదేముంది అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి కాక.

దోహాలో ఎండ ముదిరితే ఆ కుటుంబం ఏటా ఇంగ్లండు వెళ్తుంది. వాళ్ళతో పాటు వాళ్ళ వంటగది కూడా వెళ్తుంది. వంటగది అంటే కాక. కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఆయన భార్య, పిల్లలు, ఆయన తల్లి, ఇంకా ఆయన చిన్ననాటి స్నేహితుడి కుటుంబం. అందరూ కలిసి పల్లెల్లో పాత రాతి ఇళ్ళు అద్దెకు తీసుకుని, రోజుకో చోటు చూసి వస్తారు. నిరుడు ఎండాకాలం నన్ను కూడా తీసుకెళ్ళారు. నా గొప్పదనం ఏమీ లేదు. ఖతార్‌లో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, ఇంగ్లండులో మన దగ్గరలాగే ఎడమవైపు. పెద్ద డ్రైవర్ ఈజిప్టువాడు, ఎడమవైపు అనగానే చేతులెత్తేశాడు. నేను మెట్‌పల్లి రోడ్ల మీద ట్రాలీ ఆటో నడిపి వచ్చినవాణ్ణి. సామాను వ్యాన్ నాకు అప్పగించారు.

వ్యాన్‌లో నేను, కాక, గిన్నెలు, బొగ్గు, బియ్యం, ఒక చిన్న గ్యాస్ పొయ్యి. మా పద్ధతి ఒకటే. కుటుంబం నిద్ర లేచి తయారయ్యేలోగా మేం బయలుదేరాలి. కొండైనా, కోటైనా, సముద్రమైనా మేం ముందే చేరి, చాప పరిచి, పొయ్యి వెలిగించాలి. వాళ్ళు వచ్చేసరికి యాలకుల చాయ్ మరుగుతూ ఉండాలి. ఫ్లాస్కులో తెస్తే సరిపోదా అని నేను మొదటిరోజే అడిగాను. కాకకు కోపం వచ్చింది. "ఫ్లాస్కుల పోస్తే చాయ్ సచ్చిపోతది రా. సచ్చినదాన్ని తాపుతమా?" అన్నాడు. యజమాని అడిగింది ఆయనకు పనిలాగా ఉండేది కాదు, పందెంలాగా ఉండేది. ఈ విషయం దాచను. నా కోపం సగం అక్కడే చిక్కుపడుతుంది.

ఆ దేశంలో గాలి ఊరుకోదు. పొయ్యి వెలగాలంటే గాలికి అడ్డం కూర్చోవాలి. కాక పొయ్యిని కాళ్ళ మధ్యకు లాక్కుని, గాలి వచ్చేవైపు వీపు పెట్టి, గొంతుకూర్చునేవాడు. కొండల్లో అయినా తీరంలో అయినా, ఎటు నుంచి గాలి వస్తుందో అటే చూడాల్సిందంతా ఉండేది. ఆయన ఏటా వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిచోటా అందరికంటే ముందు చేరాడు. చూసింది మాత్రం నీలం మంట, దాని చుట్టూ రెండు మూరల గడ్డి. ఒకసారి తిరిగి చూడు కాకా అంటే, "సూసుడు మన పని గాదు, సూపిచ్చుడు మన పని. ఆకలైనోనికి కొండ కనవడది" అనేవాడు. నాకు ఆ మాట నచ్చేది కాదు. ఇప్పటికీ నచ్చదు.

ఇంగ్లండు పల్లెల్లో ఒకచోట చర్చి పక్క గడ్డిలో ఆగాం. తేనెరంగు రాళ్ళతో కట్టిన చిన్న ఊరు. రోడ్డుకు రెండువైపులా మనిషి ఎత్తు కంచెలు, మధ్యలో వ్యాన్ ఒరుసుకుంటూ పోవడమే. చర్చి చుట్టూ సమాధులు. ఆ రోజు గాలి లేదు. ఆకు కదలలేదు, పక్షి అరవలేదు. మంట నిటారుగా నిలబడింది. అలా నిలబడటం కాకకు నచ్చలేదు, మంటకేసి అనుమానంగా చూశాడు. కుటుంబం రావడం ఆలస్యమైంది. కాక లేచి సమాధుల మధ్య నడిచాడు. రాళ్ళ మీద ఏం రాసి ఉందో చదవమన్నాడు. చదివాను. ఒకే ఇంటిపేరు, తాత, కొడుకు, మనవడు, వాళ్ళ పెళ్ళాలు, పురిట్లో పోయిన పిల్లలు. అందరిదీ ఆ ఊరే.

కాక ఒక రాతి మీది నాచును బొటనవేలితో గీకాడు. "ఏ ఊరోళ్ళు ఆ ఊర్లెనే పండుకున్నరు. అదృష్టవంతులు," అన్నాడు.

నేను నవ్వి, నీకేం తొందర కాకా అన్నాను. ఆయన నవ్వలేదు. రొమ్ము మీద అరచేత్తో రుద్దుకుంటూ, జేబులోంచి ఓమ, అదే వాము, తీసి నోట్లో వేసుకున్నాడు. గ్యాస్ పట్టింది అన్నాడు.

ఈ గ్యాస్ గురించి చెప్పాలి. మా వైపు గుండెనొప్పి అనే జబ్బు లేదు. గ్యాస్ ఉంది. రొమ్ము బరువెక్కితే గ్యాస్. ఎడమ చెయ్యి లాగితే గ్యాస్. దవడ గుంజితే పొద్దున తిన్న శనగలు. ఊళ్ళో అయితే ఓమ, ఇంగువ, గోరువెచ్చని నీళ్ళు. దోహాలో అయితే సోడా, అదీ కాకపోతే పొంగే పొడి. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మావాళ్ళ గది ఒకటుంది. టైల్స్ వేసేవాళ్ళు, రాస్ లఫాన్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు, శుక్రవారం అక్కడ కలుస్తారు. ఆ గదిలో ఎవడికీ జ్వరానికి మాత్ర పేరు తెలియదు కానీ గ్యాస్‌కు మందు ప్రతివాడికీ తెలుసు. ఆ వైద్యులే మావాళ్ళని చంపుతున్నారు. వాళ్ళు ప్రేమతోనే చెప్తారు. ఒకడు లేచి వెళ్ళి సోడా కొని తెస్తాడు కూడా.

తర్వాత వేల్స్. దారి పొడవునా కొండలు నల్లబడుతూ వచ్చాయి. పలకరాయి తవ్వి పోసిన గుట్టలు ఊళ్ళ మీదికి ఒరిగి ఉన్నాయి. ఇళ్ళ కప్పులు నల్లగా, గోడలు నల్లగా, వాన వాటి మీద జారుతూ ఉంది. పిల్లలు బండి అద్దాలకు ముక్కులు ఆనించి కేరింతలు కొడుతున్నారు. కఫీల్ భార్య, మా మేడమ్, వీడియో తీస్తోంది. అందంగా లేదని నేను అనను. ఆ అందం మనల్ని రమ్మనేది కాదు, అంతే.

ఒకరోజు ఏరు సముద్రంలో కలిసేచోటికి వెళ్ళాం. నీళ్ళు ఎక్కడో దూరంగా గీతలాగా ఉన్నాయి, ఇవతలంతా తడి ఇసుక. ఒడ్డున బోర్డు ఉంది. నీళ్ళు త్వరగా వస్తాయి, జాగ్రత్త అని. చదివి కాకకు చెప్పాను. ఏవి నీళ్ళు, కనబడనే లేవుగా అన్నాడు. ఒడ్డున రాతిగట్టు మీద చక్రాల కుర్చీలో కఫీల్ తల్లి, పక్కన శ్రీలంక అక్క. ఆ ముసలమ్మ కాక చేతి వంట తప్ప తినదు. పళ్ళు లేవు, జావలాంటిది పెట్టాలి, దాని చిక్కదనం కాకకే తెలుసు. ఆయన ఆమెను పెద్దమ్మా అని తెలుగులోనే పిలిచేవాడు. ఆమె ఆయన దగ్గర నాలుగు తెలుగు మాటలు పట్టింది. తిను, చాలు, రా, పో.

కుటుంబం ఐస్‌క్రీమ్ కోసం ఊళ్ళోకి వెళ్ళింది. కాక ఇసుకలో, సముద్రానికి వీపు పెట్టి, పొయ్యి వెలిగించాడు. నేను పాలడబ్బాల కోసం వ్యాన్ దగ్గరికి వెళ్ళాను. వెనక్కి తిరిగేసరికి ముసలమ్మ గట్టు మీద నుంచి అరుస్తోంది. "రా, రా, రా" అని తెలుగులో. చూస్తే నీళ్ళు కాక వెనక నుంచి వచ్చి, ఆయనకు రెండువైపులా ముందుకు సాగి, ఎదర మళ్ళీ కలిసిపోతున్నాయి. అల లేదు, నురగ లేదు, చప్పుడు లేదు. మధ్యలో చాపంత ఇసుక మీద కాక, గిన్నెకేసి వంగి కూర్చుని ఉన్నాడు.

ఆయన తల ఎత్తాడు. మొదట పొయ్యి ఆర్పాడు. తర్వాత పొయ్యిని చంకలో పెట్టుకుని, చాయ్ గిన్నె నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చాడు. చుక్క ఒలకలేదు. అప్పుడే వచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు. కఫీల్ స్నేహితుడు వీడియో తీసి, హీరో అన్నాడు. ఆ చాయే అందరూ తాగారు. నేను కాకను వ్యాన్ వెనక్కి తీసుకెళ్ళి ప్యాంటు పిండుతుంటే, ఆయన ఊపిరి పాత పంపులాగా వినిపించింది. ఎడమ చెయ్యి భుజం నుంచి కిందికి ఒత్తుకుంటున్నాడు.

"ఎనకనుంచి వస్తది రా. సప్పుడు గూడ జెయ్యది," అన్నాడు.

నీళ్ళ గురించి అంటున్నావా కాకా అని నేను అడగలేదు. ఓమ నములుతున్నాడు.

ఆ తర్వాత రెండు రోజులకు కొండ మీది చెరువు. బండ్లు ఆగేచోటి నుంచి పైకి పలకరాళ్ళ మెట్లు, గంటపైన నడక. ముసలమ్మను కింద ఉంచి, మిగతావాళ్ళు ఎక్కుతామన్నారు. చాయ్ చెరువు దగ్గర కావాలన్నారు. ఆ మాట కఫీల్ అనలేదు, ఆయన స్నేహితుడు అన్నాడు. కఫీల్ కాకవైపు చూశాడు. వద్దంటే వద్దనేవాడేమో, నాకు తెలియదు. కాక తల ఊపి గిన్నెలు సర్దుకున్నాడు.

నేను పొయ్యి, నీళ్ళ డబ్బా మోశాను. గిన్నెల సంచీ నాకివ్వమంటే ఇవ్వలేదు. మబ్బు కొండ సగానికి దిగి ఉంది. దారిలో ఒక గొర్రె కళేబరం, ఎముకలు తెల్లగా, ఒంటి మీద ఉన్ని మాత్రం ఇంకా కదులుతోంది గాలికి. బతికున్న గొర్రెలు దాని పక్కనే మేస్తూ, మమ్మల్ని చూసి నమలడం ఆపాయి. కాక మలుపు మలుపుకీ ఆగాడు. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగేవాడు. ఆయన బూట్లకు లేసులు లేవు.

పైన చెరువు నల్లగా ఉంది. చుట్టూ నిలువు గోడల్లాంటి కొండలు, వాటి నీడ నీళ్ళలో కూడా నల్లగానే. గాలికి నా చెవులు నొప్పి పుట్టాయి, వేళ్ళు వంగడం లేదు. కాక వీపు పెట్టి కూర్చున్నాడు. అగ్గిపుల్ల ఆరింది. ఇంకొకటి ఆరింది. మూడోదానికి మంట పట్టుకుంది. నేను ఆయన ముఖం చూశాను. చెమట. నుదుటి మీద, ముక్కు కొన మీద, మెడ మీద, స్వెటర్ గొంతు దగ్గర తడిసి ఉంది. ఆ చలిలో, కదలకుండా కూర్చున్న మనిషికి, దోహాలో జూలైలో పట్టినట్టు చెమట పట్టింది. పెదవులు బూడిదరంగులో ఉన్నాయి.

అప్పుడు ఒక పెద్దావిడ వచ్చింది. చేతుల్లో రెండు కర్రలు, వెంట కుక్క. ఇక్కడ పొయ్యి వెలిగించకూడదని చెప్పడానికే వచ్చినట్టుంది, నోరు తెరిచింది. కాక ముఖం చూసి ఆ మాట మానేసింది. బాగున్నారా అని అడిగింది. కాకకు వచ్చిన ఇంగ్లీషు ఓకే ఒక్కటే. ఓకే ఓకే అంటూ ఆమెకు కప్పు అందించాడు. ఆమె తాగింది, ఆయన మీంచి కళ్ళు తీయకుండా తాగింది. ఈ చలిలో ఈ చెమట మంచిది కాదన్నట్టు నాతో ఏదో అని, స్పష్టంగా ఒక మాట చెప్పింది. ఇతన్ని ఈరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, రేపు కాదు, ఈరోజు. కావాలంటే తనే ఫోన్ చేసి మనుషుల్ని పిలిపిస్తానంది.

నేను కాకకు చెప్పాను.

"చాయ్ మంచిగున్నదన్నదా లేదా, అది జెప్పు," అన్నాడు.

ఫోన్ చెయ్యమని నేను ఆమెతో అనబోతే, కాక నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు ఇంకా గుర్తుంది. చల్లగా, తడిగా, ఇనప్పట్టుకారులాగా. ఆయన ఆమె వైపు చూసి నవ్వుతూనే ఉన్నాడు. ఈలోగా కుటుంబం మలుపు తిరిగి వచ్చింది, పిల్లలు కుక్కను చూసి పరిగెత్తారు. పెద్దావిడ నావైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

నేను ఊరుకోలేదు. కిందికి దిగగానే మేడమ్‌కు చెప్పాను. ఆమె సంచీ వెతికి రెండు మాత్రలు ఇచ్చింది, లండన్ వెళ్ళాక చూపిద్దామంది. కఫీల్‌కు అరబ్బీలో చెప్పాను, ఈయనకు బాగాలేదు, ఆస్పత్రికి తీసుకెళ్దామని. ఆయన వెంటనే కాకను పిలిచి, ఏమైంది, వెళ్దామా అని అడిగాడు. అడగలేదని అబద్ధం రాయను. కాక నిటారుగా నిలబడి, కుల్లు తమామ్, అంతా బాగుంది అన్నాడు. కఫీల్ నమ్మాడు. నమ్మితే ఆయనకూ సుఖమే కదా. మర్నాడు ఇంకో కోట ఉంది.

ఆ సాయంత్రం అద్దె ఇంటి వంటగదిలో నేను కాక మీద విరుచుకుపడ్డాను. చావాలనుందా అని అడిగాను. ఆయన ఉల్లిగడ్డలు తరుగుతూ వినీ విననట్టున్నాడు. చివరికి కత్తి పక్కన పెట్టాడు.

"కాయితం మీద గుండె అని పడ్డదనుకో, రేపటిసంది నన్ను వంటింట్లకు రానియ్యరు. బీమారోని చేతి బువ్వ ఎవలు తింటరు? తోలిస్తరు ఇంటికి."

ఇంటికెళ్తే ఏం పోయింది, పెళ్ళాం ఉంది, కొడుకున్నాడు అన్నాను.

"ఇంటికాడ నేను సుట్టాన్ని రా. పోతే కుర్సీ ఏస్తరు. నా పెండ్లాం నాకు చాయ్ దెచ్చి కప్పు కింద సాసర్ వెడ్తది. ఆ సాసర్ సూస్తే నాకు బయమైతది. ఈడ జచ్చినా పొయ్యికాడ సస్త."

అప్పుడు నేను కత్తి అందుకుని మిగిలిన ఉల్లిగడ్డలు తరిగాను. ఏమనాలో ఇప్పుడు తెలుసు. ఒక మనిషిని ఇన్నేళ్ళు ఇంటికి దూరంగా ఉంచి, ఇంటికంటే వంటగది నయమనిపించేలా చేసిన ఈ పద్ధతి ఉంది చూడండి, దీన్ని ఏ కాగితం మీదా రాయరు. ఆ పెద్దావిడకు ఒక్క చూపులో కనిపించింది మా ఎవరికీ అక్కరకు రాలేదు.

దోహాకు తిరిగొచ్చాక కాక కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. శుక్రవారం ఫరీజ్ బిన్ మహమూద్ గదికి వచ్చి కూర్చునేవాడు. లండన్ దొర వచ్చిండని మావాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు. వాళ్ళకు ఇంగ్లండూ వేల్సూ అన్నీ లండనే, ఊళ్ళో వాళ్ళకు ఖతార్, కువైట్ అన్నీ దుబాయే అయినట్టు. రాస్ లఫాన్ నుంచి వచ్చిన ఒకడు ఆ దేశంలో ఎండ ఉంటుందా కాకా అని అడిగాడు. "ఉంటది. ఎండ గొడితే ఆళ్ళు బయటికురుకుతరు, మనం లోపటికురుకుతం. గంతే తేడా," అన్నాడు. అందరూ నవ్వారు. కాక నవ్వుతూ నవ్వుతూ గోడ పట్టుకున్నాడు. ఎవడో లేచి సోడా తేవడానికి వెళ్ళాడు. నేను ఆ సోడాను మోరీలో పారబోశాను. అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

డాక్టరు దగ్గరికి వెళ్దాం అంటే, కఫీల్ కూతురి నిశ్చితార్థం అవనీ అన్నాడు. అది అయ్యాక, ముసలమ్మకు దగ్గు తగ్గనీ అన్నాడు. చివరికి నేనే హెల్త్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆ పొద్దున బండి వంటగది గుమ్మం ముందు ఆపితే, లోపల మేకలు కోసి ఉన్నాయి. అనుకోకుండా మజ్లిస్‌కు, అతిథుల్ని కూర్చోబెట్టే హాలుకు, చుట్టాలు దిగారు. కాక మోచేతుల దాకా నెత్తురు చేతులతో గుమ్మంలోకి వచ్చి, వచ్చేవారం పోదాం అన్నాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. వెనక పెద్ద డేగిసాలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. నేను హారన్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచాను. ఇంట్లో వాళ్ళు కిటికీల్లోంచి చూశారు. కాక లోపలికి వెళ్ళిపోయాడు. వచ్చేవారం రాలేదు.

కాక పోయాడని ముసలమ్మకు ఎవరూ చెప్పలేదు. ఊరికి వెళ్ళాడన్నారు. అది అబద్ధం కూడా కాదు. శవపెట్టె వెళ్ళేరోజు కఫీల్ విమానాశ్రయానికి వచ్చాడు, కళ్ళు తుడుచుకున్నాడు, ఆ కన్నీళ్ళు నిజమైనవే. నిజమైన కన్నీళ్ళ మీద ఎలా కోప్పడాలో నాకు చేతకాదు. అందుకే ఇంకా మండుతూ ఉన్నాను.

పెట్టె ఇంకా హైదరాబాదు చేరకముందే కాక కొడుకు ఫోన్ చేశాడు. ఊళ్ళో మూలమలుపు దగ్గర శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడుతున్నారట. మంచి ఫొటో పంపమన్నాడు, లండన్‌లో దిగింది. కుటుంబం తీసిన వందల ఫొటోల్లో కాక లేడు. ఉన్నా, అంచున ఒక మోకాలో, ఒక వీపో. నా ఫోన్‌లో ఒకటి ఉంది. చెరువు దగ్గర, ఆ పెద్దావిడ చాయ్ తాగుతుండగా నేను తీసింది. కాక పొయ్యి ముందు గొంతుకూర్చుని, చేతిలో గరిటెతో, నావైపు చూసి నవ్వుతున్నాడు. పెద్దది చేస్తే నుదుటి మీది చెమట చుక్కలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. అదే పంపాను. పంపుతూ, ఊరంతా చూడాలనుకున్నాను. ఆ చెమటను చూసి ఒక్కడైనా ఇదేంది అని అడగాలనుకున్నాను.

సాయంత్రానికి ఫ్లెక్సీ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. జగిత్యాలలో ఎవడో కంప్యూటర్ మీద కూర్చుని చేశాడు. పొయ్యి లేదు, గరిటె లేదు. కాకకు నల్లకోటు, ఎర్ర టై తొడిగారు. లేచి నిలబడ్డట్టు నడుము దాకా కత్తిరించారు. వెనక మబ్బులు తీసేసి నీలాకాశం పెట్టారు. కొండలు పచ్చగా మారాయి.

నేను కొడుక్కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. మీ బాపు చాయ్ కాసిండు, కోటు ఏసుకోలేదు, అది చూపియ్యనీకి మీకు సిగ్గా అని అడిగాను. వాడు అంతా విన్నాడు. వాడిది ఇంకా చిన్న గొంతు.

"సిగ్గు గాదన్నా. అమ్మ చెప్పింది. ఒక్కసారన్న పని లేకుండ నిలబడ్డట్టు వెట్టుమన్నది."

 వాడు వీడియో కాల్ ఆన్ చేసి, ఫ్లెక్సీ చూపిస్తానని మూలమలుపు దాకా నడిచాడు. రెండు వెదురుబొంగుల మధ్య తాళ్ళతో కట్టారు. మక్క చేల మీది నుంచి గాలి వస్తోంది. ఫ్లెక్సీ నిండా గాలి నిండి, కొండలు ఉబ్బుతున్నాయి, వెనక్కి పోతున్నాయి, మళ్ళీ ఉబ్బుతున్నాయి. బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఇద్దరు ఆగి, దుబాయ్‌లో ఇంత మంచి గుట్టలు ఉంటాయా అని అడుగుతున్నారు. కొడుకు ఫోన్‌ను ఇంకా దగ్గరికి తీసుకెళ్ళాడు. తెర నిండా కాక ముఖం. నవ్వు అదే. నుదురు మాత్రం తెల్లగా, నున్నగా, ఎండలో మెరుస్తోంది. చుక్క చెమట లేకుండా తుడిచేశారు.